అయస్కాంత లోహాల మీద వ్యాసం రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల్లో ఎలక్ట్రాన్లు ఎలా నడుచుకుంటాయో తెలుగులో చెప్పాలని పూనుకున్నావు. అందుకు చాలా సంతోషించాను. నీ వాక్యం శుభ్రంగా ఉంది, చదువుతుంటే ఎక్కడా అడ్డు తగలదు. కానీ రెండో పేరాలో ఒక చోట ఆగిపోయాను. "బయట నుంచి అయస్కాంత క్షేత్రం పెట్టగానే లోహంలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి" అని రాశావు. (స్పిన్ అంటే ప్రతి ఎలక్ట్రాన్‌నీ ఓ బుల్లి అయస్కాంతంలా చేసే సహజ గుణం.) చదవడానికి హాయిగా ఉంది, కానీ నిజం కాదు. ఆ వాక్యాన్ని సరిచేస్తే సగం పని అయిపోయినట్టే.

ఒకసారి లెక్క వేసి చూడు. ఒక టెస్లా అంటే ఫ్రిజ్ తలుపు మీద అంటించే మాగ్నెట్ కంటే దాదాపు వంద రెట్లు బలమైన క్షేత్రం. అందులో కూడా ఎలక్ట్రాన్ స్పిన్ ఇటు ఉండటానికీ అటు ఉండటానికీ మధ్య శక్తి తేడా 0.0001 ఎలక్ట్రాన్ వోల్టు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత) కంటే కాస్త ఎక్కువ, అంతే. మామూలు గది వేడిలో ఉండే కుదుపు 0.025 ఎలక్ట్రాన్ వోల్టు. అంటే రెండు వందల రెట్లకు పైనే. ఇంత చిన్న తోపుతో ఇనుము అయస్కాంతంగా మారడం సాధ్యం కాదు. ఇనుములో స్పిన్‌లు ముందే ఒక వైపుకి మొగ్గి ఉన్నాయి. అలా మొగ్గేలా చేసింది అయస్కాంత బలం కూడా కాదు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకునే విద్యుత్ వికర్షణ, దానికి తోడు ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదనే పౌలీ నియమం. ఈ రెండూ కలిసి ఇనుములో రెండు రకాల స్పిన్‌ల మధ్య సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా తెస్తాయి. అందుకే 770 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చినా ఆ అమరిక పూర్తిగా చెదరదు.

మరి బయటి క్షేత్రం చేసేదేమిటి? ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పుస్తకంలో డొమైన్ల బొమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. డొమైన్ అంటే లోపలి స్పిన్‌లు ఒకే వైపుకి మొగ్గి ఉన్న చిన్న ప్రాంతం. ఒక్కో డొమైన్ ఒక్కో దిక్కు చూస్తుంది కాబట్టి మొత్తం ముక్క అయస్కాంతంలా కనిపించదు. క్షేత్రం పెడితే డొమైన్ల మధ్య సరిహద్దులు జరుగుతాయి, అనుకూలంగా ఉన్న డొమైన్లు పెరుగుతాయి. ఆ జరగడం కూడా నున్నగా సాగదు. సరిహద్దు లోపాల దగ్గర చిక్కుకుని, ఒక్కసారిగా విడిపోయి ముందుకు దూకుతుంది. 1919లో జర్మన్ శాస్త్రవేత్త బార్క్‌హౌజెన్ ఇనుము చుట్టూ తీగచుట్ట పెట్టి, ఆ సంకేతాన్ని పెంచి వింటే చిటపటమని శబ్దం వచ్చింది. నీ వ్యాసంలో ఈ శబ్దం లేదు. తప్పకుండా పెట్టు. పాఠకుడికి చెవితో పట్టుకోగలిగినదేదైనా దొరికితే మన రంగంలో అది పెద్ద వరం.

ఇక హాల్ ప్రభావం సంగతి, అంటే క్షేత్రంలో పెట్టిన లోహంలో కరెంటుకి అడ్డంగా వోల్టేజీ పుట్టడం. దాన్ని నువ్వు రెండు లైన్లలో దాటేశావు. నాకు మాత్రం నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తోంది. 1879లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఎడ్విన్ హాల్ ఇంకా విద్యార్థి. క్షేత్రంలో ఉన్న తీగ మీద పడే బలం తీగ మీదే పనిచేస్తుంది గానీ అందులో పారే కరెంటు మీద కాదని మాక్స్‌వెల్ రాశాడు. హాల్‌కి అది నమ్మబుద్ధి కాలేదు. గురువు రోలాండ్ సలహాతో గాజు మీద పలచని బంగారు రేకు అంటించి, కరెంటు పంపి, అయస్కాంతం మధ్య పెట్టాడు. రేకుకి అడ్డంగా చిన్న వోల్టేజీ కనిపించింది. నువ్వేమో "ఎలక్ట్రాన్లు పక్కకి వంగుతున్నాయని హాల్ గ్రహించాడు" అన్నావు. ఎలక్ట్రాన్ బయటపడింది 1897లో. హాల్‌కి తెలిసింది గాల్వానోమీటర్ (చిన్న కరెంటుని పట్టే పరికరం) ముల్లు కదలడం ఒక్కటే. అతనికి కనిపించింది ముందు చెప్పు, మనకు తర్వాత అర్థమైంది వేరుగా చెప్పు. సైన్స్ రాసేవాడు ఈ రెండింటినీ కలిపేస్తే, మనుషులు ఆ విషయాన్ని ఎలా కనుక్కున్నారో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు.

ఆ తర్వాత హాల్ ఇనుముని పరీక్షించాడు. వోల్టేజీ వెండిలో కంటే సుమారు పది రెట్లు వచ్చింది, పైగా దిక్కు బంగారానికి ఎదురు. నికెల్‌లో మళ్లీ బంగారం వైపే. క్షేత్రం పెంచుతూ పోతే ఇనుములో ఈ వోల్టేజీ మొదట నిటారుగా లేస్తుంది. ఇనుము పూర్తిగా అయస్కాంతీకరణ చెందాక ఒక్కసారిగా నెమ్మదించి, దాదాపు చదునుగా సాగుతుంది. అంటే అందులో ఎక్కువ భాగం బయటి క్షేత్రాన్ని కాక లోహం సొంత అయస్కాంతత్వాన్ని అనుసరిస్తోందన్నమాట. ఆ గ్రాఫ్‌ని మాటల్లో గీయి, తొందరపడకు. ఒక పేరా అంతా దానికే ఇచ్చినా నేను అభ్యంతరం చెప్పను.

ఇనుము లాంటి లోహాల్లో వచ్చే ఈ అదనపు హాల్ వోల్టేజీకి కారణం కోసం శాస్త్రవేత్తల మధ్య జరిగిన వాదాన్ని ఒకే పేరుతో ముగించకు. స్ఫటికంలో ఎలక్ట్రాన్ తరంగాల స్వభావంలోనే, స్పిన్‌కీ కదలికకీ ఉన్న ముడిలోనే కారణం ఉందని 1954లో కార్‌ప్లస్, లటింజర్ చూపించారు. కాదు, మలినాలకి తగిలినప్పుడు ఒక స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒక పక్కకి ఎక్కువ చెదురుతాయని స్మిట్ వాదించాడు. 1970లో బెర్జర్ ఇంకో దారి చూపాడు. బెర్రీ ఫేజ్ భాష (ఎలక్ట్రాన్ తరంగాలు జ్యామితి వల్ల పొందే దశ మార్పుని చెప్పే గణితం) వచ్చాక మొదటి వాదానికి బలం పెరిగింది. అయినా లోహం చాలా శుద్ధంగా ఉంటే స్మిట్ చెప్పినదే పైచేయి. ఇలాంటి చోట "ఎవరు గెలిచారు" అన్న ఊపులో రాయాలనిపిస్తుంది. ఆ ఊపుని ఆపుకో. ఏ లోహంలో, ఎంత శుద్ధిలో అని అడిగే పాఠకుణ్ణి గౌరవించు.

క్షేత్రంతో నిరోధం మారడం గురించి నువ్వు రాసింది చాలావరకు బాగుంది. ఇనుములో కరెంటుకీ అయస్కాంతీకరణకీ మధ్య కోణాన్ని బట్టి నిరోధం కొద్దిగా మారుతుందని విలియం థామ్సన్ 1850లలోనే చూశాడు. దాన్ని క్లుప్తంగా ఉంచినా నష్టం లేదు. 1988లో జరిగింది మాత్రం విప్పి చెప్పాలి. ఇనుము, క్రోమియం పొరలు నానోమీటర్ల మందంలో ఒకదానిపై ఒకటి పేర్చి ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఫెర్ట్ బృందం కొలిస్తే, 4.2 కెల్విన్ చలిలో, 2 టెస్లాల క్షేత్రంలో నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. అదే కాలంలో జర్మనీలోని యూలిష్‌లో గ్రున్‌బర్గ్ కూడా ఇదే పట్టుకున్నాడు. దీన్ని చెప్పడానికి రెండు రోడ్లు చాలు, ఒక్కో స్పిన్‌కి ఒక్కో రోడ్డు. పొర దిక్కుని బట్టి ఒక స్పిన్‌కి రోడ్డు నున్నగా, రెండోదానికి గతుకులుగా ఉంటుంది. పక్క పక్క ఇనుప పొరలు ఎదురెదురు దిక్కుల్లో ఉంటే రెండు రోడ్లలోనూ ఎక్కడో ఒక చోట గతుకులు తప్పవు. క్షేత్రం పెట్టి పొరలన్నీ ఒకే దిక్కుకి తిప్పితే ఒక రోడ్డు మొదటి నుంచి చివరిదాకా నున్నగా ఉంటుంది, కరెంటంతా అటే వెళ్తుంది. 1997 నుంచి హార్డ్‌డిస్కుల్లో చదివే హెడ్‌లు ఈ సూత్రంతో వచ్చాయి, 2007లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నువ్వు నోబెల్‌తో మొదలుపెట్టావు. దాన్ని ఇక్కడికి దించు.

రెండో పేరా తిరగరాసి, హాల్ భాగం పెంచి మళ్లీ పంపు. క్షేత్రం, అయస్కాంతీకరణ అనే రెండు మాటలు ఎక్కడ వాడినా ఏది ఏదో చూసుకుని, పక్కన యూనిట్లతో సహా రాయి. గ్రాఫ్ కూడా నువ్వే చేత్తో గీసి పంపితే ఇంకా మంచిది, అక్షాల మీద పేర్లు తెలుగులోనే ఉండాలి.

నీ శ్రేయోభిలాషి