వేడెక్కిన క్వాంటం వ్యవస్థ లెక్క క్యూబిట్లకు అందుతుందా?

ప్రశ్న: పార్టిషన్ ఫంక్షన్ తెలిస్తే విశిష్టోష్ణం, ఎంట్రోపీ అన్నీ రాబట్టవచ్చని చదువుకున్నాము. అమరావతికి రానున్న క్వాంటం కంప్యూటర్ దానిని నేరుగా లెక్కకట్టి ఇవ్వగలదా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: నేరుగా ఇవ్వలేదు, కానీ దారి ఉంది. ప్రతి శక్తి స్థాయికీ ఇచ్చిన ఉష్ణోగ్రత వద్ద ఉండే బోల్ట్‌జ్‌మన్ భారాన్ని (వ్యవస్థ ఆ స్థాయిలో ఉండే అవకాశానికి అనుపాతంలో ఉండే సంఖ్యను) లెక్కించి, అన్నిటినీ కూడితే వచ్చేదే పార్టిషన్ ఫంక్షన్. ఒకదానినొకటి ప్రభావితం చేసుకునే 50 స్పిన్‌లు (ఒక్కోటి రెండు స్థితుల్లో ఉండగల అతిచిన్న అయస్కాంతాలు) ఉంటే స్థాయిలు 11 కోట్ల కోట్లు దాటుతాయి. మామూలు కంప్యూటర్లో ఒక్క స్థితిని రాసిపెట్టడానికే సుమారు 18,000 టెరాబైట్లు కావాలి. అదే స్థితిని 50 క్యూబిట్లు (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే ప్రాథమిక భాగాలు) తమలోనే ఇముడ్చుకుంటాయి. అయితే కొలిచిన ప్రతిసారీ చేతికి వచ్చేది ఒక్క ఫలితమే కనుక, స్థాయిలన్నీ ఒకేసారి చదివేయవచ్చనే ప్రచారాన్ని నమ్మకండి.

అందుకే మచ్చు తీయాలి. నెల్లూరు మిల్లుల దగ్గర బస్తాలో గొట్టం గుచ్చి పిడికెడు వడ్లు చూసి ధర కట్టినట్లే ఇదీను. కాకపోతే ఇక్కడ మచ్చు బోల్ట్‌జ్‌మన్ భారాల ప్రకారమే రావాలి, చిక్కంతా అక్కడే ఉంది. 2011లో టెమ్మె బృందం ప్రతిపాదించిన క్వాంటం మెట్రోపోలిస్ పద్ధతిలో స్థితిని యాదృచ్ఛికంగా కాస్త మార్చి, కొత్త శక్తిని కొలిచి, శక్తి తగ్గితే ఆ మార్పును ఉంచుతారు, పెరిగితే ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయమయ్యే సంభావ్యతతో మాత్రమే అంగీకరిస్తారు. వద్దనుకుంటే వెనక్కి ఎలా వెళ్లాలి? తెలియని క్వాంటం స్థితికి నకలు తీసి దాచుకోవడం అసాధ్యం. అందుకని శక్తినంతా బయటపెట్టకుండా, మార్పును ఒప్పుకోవాలా వద్దా అన్న ఒక్క సమాధానాన్నే కొలిచి, కాదని వస్తే మళ్లీ మళ్లీ కొలుస్తూ పాత శక్తికి చేరుస్తారు. నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పతనమంతా ఆ ఉపాయంలోనే ఉంది.

మచ్చులు చేతికొచ్చాక వాటి శక్తుల సగటు అంతర్గత శక్తిని, ఆ శక్తులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది విశిష్టోష్ణాన్ని (ఉష్ణోగ్రత పెంచడానికి ఎంత వేడి కావాలో చెప్పేది) ఇస్తాయి. ఎంట్రోపీని (వ్యవస్థలోని అస్తవ్యస్తతకు కొలమానం) మాత్రం అలా కొలవలేము. అనంత ఉష్ణోగ్రత వద్ద పార్టిషన్ ఫంక్షన్ విలువ స్థితుల సంఖ్యే కనుక, అక్కడ మొదలుపెట్టి సగటు శక్తిని విలోమ ఉష్ణోగ్రత (ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పెరిగే 1/kT విలువ) వెంబడి సమాకలనం చేసుకుంటూ దిగితే మీరడిగిన ఫంక్షన్, దానితో స్వేచ్ఛాశక్తి, ఎంట్రోపీ వస్తాయి. ఉష్ణోగ్రత బాగా తగ్గేకొద్దీ కొన్ని వ్యవస్థలకు మచ్చు తీయడం క్వాంటం కంప్యూటర్‌కూ కష్టమే.

అమరావతికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రంలో 156 క్యూబిట్లున్నా, పైన చెప్పిన శక్తి కొలతకు దోష సవరణ ఉన్న, అంటే లెక్కలో దొర్లే తప్పులను తానే దిద్దుకోగల యంత్రం కావాలి. ఈలోగా 6 స్పిన్‌ల గొలుసు తీసుకోండి. దాని 64 స్థాయిలనూ మీ ల్యాప్‌టాప్‌లోనే కూడి, సమాకలనంతో వచ్చే విలువతో సరిచూసుకోవచ్చు.