తెగిన కొస చెప్పే మాట: అల్లిక, చేతి వడుకులపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అల్లిక, చేతి వడుకుల గురించి ఈ మధ్య అందిన ఉత్తరాలలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను. ఈ రెండు పనులూ ఎన్నో ఏళ్ళుగా నా తీరిక వేళలను నింపుతున్నవే కనుక, కొన్నిచోట్ల జవాబు అడిగినదానికంటే పొడవుగా సాగింది.

ప్రశ్న: ఏడాది కిందట ఊరికే కాలక్షేపానికని అల్లిక మొదలుపెట్టాను. ఇప్పుడు సాయంత్రం సూదులు చేతిలోకి తీసుకుంటే రెండు గంటలు ఎలా గడిచిపోతున్నాయో తెలియడం లేదు. ‘కొంటే దొరికే స్వెట్టరుకు ఇన్ని నెలల శ్రమ ఎందుకు?’ అని ఇంట్లోవాళ్ళు అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను. నేను నిజంగా కాలం వృథా చేస్తున్నానా? (ఒక పాఠకురాలు)

జవాబు: లేదమ్మా. వాళ్ళు అడుగుతున్నది స్వెట్టరు గురించి, మీరు ఆనందిస్తున్నది అల్లడాన్ని. స్వెట్టరే కావలసి ఉంటే ఆ పనిని యంత్రం ఏనాడో అందుకుంది. ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రాన్ని 1589లోనే తయారుచేశారు. ఆనాటి నుంచి 400 ఏళ్ళకు పైగా యంత్రం తన పని తాను చేసుకుపోతున్నా మనుషులు సూదులు కింద పెట్టలేదంటే, ఆ పనిలో వాళ్ళకు బట్ట కాక మరేదో కూడా దొరుకుతున్నదన్నమాట.

మీరు చెప్పిన ‘గంటలు తెలియకపోవడం’ మనస్తత్వ శాస్త్రం గుర్తించిన స్థితే. హంగేరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ ఇటువంటి తన్మయత్వాన్ని దశాబ్దాల పాటు పరిశీలించి, దానికి ‘ఫ్లో’ అని పేరు పెట్టారు. ఆయన చెప్పిన ప్రకారం, పని మన నేర్పుకు మించినదీ కాకూడదు, మరీ తేలికైనదీ కాకూడదు. తరువాత చేయవలసినది ఏమిటో స్పష్టంగా తెలిసి ఉండాలి. చేసినది సరిగా కుదిరిందో లేదో వెంటనే కనబడాలి. అల్లికలో ఈ మూడూ ఒక్క వరసలోనే ఉంటాయి. తరువాతి కుట్టు ఏమిటో మీకు తెలుసు, అది తప్పితే మరుసటి వరసలోనే కన్ను పట్టేస్తుంది, నమూనా ఎంత కష్టమైనది కావాలో ఎంచుకునేదీ మీరే. ఈ మూడో స్వేచ్ఛను చాలామంది వాడుకోరు. సాదా అల్లిక విసుగనిపించిన రోజున జడపాయల అల్లికకు మారండి, మనసు అలసిన రోజున మళ్ళీ సాదా అల్లికకే రండి. నా బుట్టలో ఎప్పుడూ రెండు పనులుంటాయి, ఒకటి లెక్కపెట్టి అల్లవలసినది, ఒకటి లెక్క అక్కరలేనిది. ఏ సాయంత్రం ఏది చేతిలోకి తీసుకోవాలో చూపేది ఆనాటి అలసటే.

ఇంట్లోవాళ్ళకు జవాబు మాటల్లో చెప్పడం కష్టం. ఒక మిగులు ఉండ, రెండు సూదులు ఇచ్చి పది వరసలు వాళ్ళచేతే అల్లించండి.

ప్రశ్న: చేతి కదురుతో ఉన్ని వడకడం నేర్చుకుంటున్నాను. నెల దాటినా దారం మూరకోసారి తెగి, కదురు నేలమీద పడుతోంది. తెగనిచోట ఒకవైపు వేలెడు లావు ఉబ్బులు, మరోవైపు వెంట్రుకంత సన్నం. నా చేతికి ఈ పని రాదేమోనని దిగులుగా ఉంది.

జవాబు: దిగులుపడే ముందు, తెగిన కొసను వెలుతురులో పట్టుకుని చూడండి. కొస కుంచెలాగా విచ్చుకుని, పోగులు జారి విడిపోయినట్టు కనిపిస్తే పురి, అంటే దారంలోని మెలి, చాలలేదని అర్థం. అలా కాకుండా దారం తనమీద తానే మెలికలు పడి, ముట్టుకుంటే తీగలాగా గట్టిగా ఉండి, పుటుక్కున తెగి ఉంటే పురి మితిమీరింది. మొదటిదానికి కదురును ఇంకాస్త తిప్పాలి, రెండోదానికి పోగులను ఇంకాస్త త్వరగా విడవాలి. కొస ఏమి చెబుతోందో చూడకుండా ఎంత సాధన చేసినా అదే తప్పు చేతికి అలవాటైపోతుంది.

పురి చేసే పని అర్థమైతే చేయి దానంతట అదే కుదుటపడుతుంది. ఉన్ని పోగు ఒక్కొక్కటీ కొన్ని సెంటీమీటర్ల పొడవే ఉంటుంది, పత్తి పోగు అంతకంటే పొట్టిది. ఇంత పొట్టి పోగుల నుంచి అంత పొడవైన తాడు ఎలా నిలుస్తున్నదన్న ప్రశ్నను గెలీలియో కూడా 1638లో వెలువడిన తన గ్రంథంలో తీసుకుని చర్చించారు. మెలిపడిన పోగుల కట్టను లాగినప్పుడు అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. నొక్కుకున్నకొద్దీ వాటి మధ్య రాపిడి పెరుగుతుంది. రాపిడి పెరిగితే పోగులు జారిపోలేవు. అంటే మీరు లాగే బలమే దారాన్ని బిగిస్తుంది. పత్తి పోగు పొట్టిది, నునుపైనది కనుక దానికి పురి ఎక్కువ కావాలి. ఉన్ని పోగు పొడవైనది, వంకీలు తిరిగి ఉంటుంది, పైన సన్నని పొలుసులు కూడా ఉంటాయి కనుక తక్కువ పురికే నిలుస్తుంది. మొదట ఉన్నితో నేర్చుకోవడం సులువని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. పత్తిని తకిలీ అనే చిన్న కదురు మీద, దాని మొనను ఒక గిన్నెలో ఆనించి వడకడం మంచిది. అప్పుడు సన్నని నూలు మీద కదురు బరువు పడదు.

ఇక ఉబ్బుల సంగతి. పురి ఎప్పుడూ సన్నని చోటికే పరుగెత్తుతుంది. లావుగా ఉన్న చోటును పట్టించుకోకుండా వదిలిపోయి, సన్నని చోట మరింత బిగుసుకుంటుంది. అందువల్ల మొదట్లో పడిన చిన్న తేడా దారం పొడవునా పెరుగుతూ పోతుంది. ఉబ్బు కనబడగానే దానికి రెండు పక్కలా వేళ్ళతో పట్టుకుని, పురిని కొద్దిగా వెనక్కు విప్పి, మెల్లగా లాగండి. పోగులు జారి ఆ చోటు సన్నబడుతుంది. ఇలా లాగేటప్పుడు రెండు చేతుల మధ్య దూరం పోగు పొడవుకంటే కొంచెమే ఎక్కువ ఉండాలి. చేతులు మరీ దగ్గరైతే ఒకే పోగు రెండు కొసలనూ మీరే పట్టుకున్నట్టు అవుతుంది, ఎంత లాగినా కదలదు. మరీ దూరమైతే పోగులకు పట్టు దొరకక దారం విడిపోతుంది.

కదురు తిప్పడం, పోగులు లాగడం రెండూ ఒకేసారి చేయవలసి రావడమే కొత్తవారిని కంగారు పెడుతుంది. అందుకని వాటిని విడదీయండి. కదురును తిప్పి, దారంలోకి పురి బాగా ఎక్కనిచ్చి, కదురును మోకాళ్ళ మధ్య ఇరికించి ఆపండి. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. దాచుకున్న ఆ పురిని కొంచెం కొంచెంగా పోగుల్లోకి వదులుతూ లాగండి. ఒకటి రెండు వారాలు ఇలా చేస్తే, ఒకరోజు కదురును ఆపడం మీరే మరచిపోతారు. కదురు బరువు కూడా ఒకసారి చూసుకోండి, సన్నని దారానికి బరువైన కదురు వేలాడదీస్తే మీ తప్పేమీ లేకుండానే అది తెగుతుంది.

మీరు మొదట వడికిన ఆ ఉబ్బుల దారాన్ని మాత్రం పారేయకండి. చేయి నేర్చాక అటువంటి దారం కావాలని వడికినా రాదు.

ప్రశ్న: నేను వడికిన ఒంటిపేట దారంతో కండువా అల్లాను. దీర్ఘచతురస్రంగా రావలసినది పక్కకు వాలి ఏటవాలుగా తయారైంది. లెక్క తప్పలేదు, కుట్లన్నీ సరిగానే ఉన్నాయి. ఎందుకిలా?

జవాబు: తప్పు అల్లికలో లేదు, దారంలో ఇంకా చల్లారని పురి ఉంది. ఒంటిపేట దారం విప్పుకోవాలని ఎప్పుడూ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒకవైపంతా నిట్ అనే సూటి కుట్లే కనిపించే సాదా అల్లికలో ప్రతి కుట్టూ ఒకే వైపుకు నెట్టబడి, మొత్తం బట్ట వాలిపోతుంది. ప్రతి వరసా సూటి కుట్లతోనే అల్లే గార్టర్ అల్లికలోనూ, సూటి కుట్టునూ పర్ల్ అనే తిరుగు కుట్టునూ మార్చి మార్చి వేసే అల్లికలోనూ ఆ నెట్టుడు చాలావరకు సర్దుకుంటుంది. ఒంటిపేటతోనే అల్లాలనుకుంటే పురి తక్కువగా వేసి, ఇటువంటి అల్లికను ఎంచుకోండి.

మెరుగైన మార్గం పేటలు కలపడం, అంటే రెండు ఒంటిపేట దారాలను కలిపి పేనడం. ఆ రెండింటినీ కుడివైపుకు తిప్పి వడికి ఉంటే, వాటిని కలిపి ఎడమవైపుకు తిప్పాలి. ఎదురు పురిలో ఒకదాని తహతహను మరొకటి అణచుకుంటుంది. ఈ సూక్ష్మం మన జాతికి మాత్రమే తెలిసినది కాదు. ఫ్రాన్సులోని అబ్రీ ద్యు మరాస్ అనే చోట నియాండర్తాల్ మానవుల రాతి పనిముట్టుకు అంటుకుని దొరికిన తాడు ముక్క 40,000 ఏళ్ళకు పైబడినది. చెట్టు నారతో చేసిన ఆ ముక్క పొడవు సుమారు 6 మిల్లీమీటర్లే. 2020లో పరిశోధకులు వెల్లడించినదాని ప్రకారం అందులో మూడు పేటలున్నాయి, పోగుల పురి ఒకవైపు, పేటల పురి దానికి ఎదురువైపు ఉన్నాయి. పేటలు కలుపుతూ కూర్చున్నప్పుడు ఆ చేతులు నాకు గుర్తుకొస్తుంటాయి.

కలిపేటప్పుడు ఒంటిపేట దారాల్లోని పురి కొంత విప్పుకుంటుంది కనుక, మొదటే కాస్త ఎక్కువ పురితో వడకాలి. కలిపిన దారాన్ని చిలపగా (పెద్ద వలయంలాగా) చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో అద్ది ఆరవేయండి. ఉన్ని నీటిలో ఉండగా రుద్దకూడదు, పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని దారం గట్టిపడిపోతుంది. ఆరిన చిలప మెలితిరగకుండా వేలాడితే దారం సమతూకంలో ఉన్నట్టే.

ప్రశ్న: పుస్తకంలో చెప్పిన సూదులే, చెప్పిన ఊలే, చెప్పిన కుట్లే. అయినా స్వెట్టరు ఒక చేయి పట్టేంత వదులుగా వచ్చింది. ఏం జరిగి ఉంటుంది?

జవాబు: నమూనా రాసినవారి చేతి బిగువు వేరు, మీ చేతి బిగువు వేరు. నమూనాలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లని ఉండి, మీ చేతికి 20 వస్తున్నాయనుకోండి. తేడా రెండు కుట్లే కదా అనిపిస్తుంది. కానీ 200 కుట్ల చుట్టుకొలత వాళ్ళకు సుమారు 91 సెంటీమీటర్లయితే మీకు 100 అవుతుంది. అల్లికకు జిగీ బిగీ రెండూ కావాలి, బిగి ఎంతో తెలియాలంటే ముందుగా ఒక చిన్న ముక్క అల్లి చూడక తప్పదు. అది కనీసం 15 సెంటీమీటర్ల చదరం ఉండాలి. అంచు కుట్లు సాగి ఉంటాయి కనుక నడుమ 10 సెంటీమీటర్లనే కొలవాలి. అదీ ఉతికి ఆరవేశాకే. కుట్లు తక్కువ వస్తే ఒక సైజు సన్న సూదులకు, ఎక్కువ వస్తే ఒక సైజు లావు సూదులకు మారండి. కావాలని బిగించి అల్లితే సరిపోతుందని మాత్రం అనుకోకండి. మనసు పనిలో లీనం కాగానే చేయి తన సొంత బిగువుకే తిరిగి వస్తుంది.

ప్రశ్న: నేను పురుషుణ్ణి. నలుగురిలో అల్లుతూ కూర్చుంటే వింతగా చూస్తున్నారు. మానేయాలా?

జవాబు: మానకండి. పెరూలోని టిటికాకా సరస్సులో ఉన్న తకీలే ద్వీపంలో సూదులతో అల్లడం మగవారి పని, చిన్నతనం నుంచే నేర్చుకుంటారు. ఫ్రాన్సులోని లాండ్ ప్రాంతంలో ఒకప్పుడు గొర్రెల కాపరులు చిత్తడి నేలల్లో పొడవాటి కర్రకాళ్ళ మీద నిలబడి మందను కాస్తూ అల్లేవారు. చూసేవారి వింత రెండు రోజులుంటుంది, మూడో రోజు ‘ఇదెలా వేస్తారు?’ అని అడుగుతారు.

ప్రశ్న: మూడేళ్ళ కిందట సగం అల్లి వదిలేసిన స్వెట్టరు ఒకటి పెట్టెలో ఉంది. చూసినప్పుడల్లా మనసు కుంగుతోంది. పూర్తిచేయబుద్ధి కావడం లేదు, పారేయనూ లేను. పైగా ఎక్కువసేపు అల్లితే మణికట్టు నొప్పిగా ఉంటోంది.

జవాబు: నొప్పి సంగతి ముందు. అరగంటకోసారి సూదులు కింద పెట్టి వేళ్ళు చాపండి, సూదిని బిగబట్టకండి, బరువైన పనికి తీగతో కలిపిన గుండ్రని సూదులు వాడితే బరువంతా ఒడిలో పడి మణికట్టుకు ఊరట కలుగుతుంది. అయినా తగ్గకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా వైద్యులకు చూపించండి.

స్వెట్టరు విషయంలో నా సలహా ఒక్కటే, విప్పేయండి. నేసిన బట్టను కత్తిరిస్తే మళ్ళీ దారం కాదు. అల్లికలో మాత్రం వరసలన్నీ ఒకే దారం తిరిగిన దారి, వచ్చిన దారినే వెనక్కు వస్తుంది. మూడేళ్ళ కిందట మీకు నచ్చిన ఊలు ఇప్పటికీ మీదే, ఆ నమూనా ఒక్కటే మీకు ఇష్టం లేకుండా పోయింది. చివరి కుట్టు వైపు నుంచి మెల్లగా లాగుతూ, కుర్చీ వీపుకు చిలపగా చుట్టుకుంటూ వెళ్ళండి. ఉన్ని నూగు అంటుకున్నచోట గుంజకుండా వేళ్ళతో విడదీయండి. చుట్టిన దారమంతా వంకీలు తిరిగి ఉంటుంది, భయపడనక్కరలేదు. నాలుగుచోట్ల కట్టి, గోరువెచ్చని నీటిలో నాననిచ్చి, నీడలో వేలాడదీయండి. ఆరాక వంకీలు పోయి, కొత్త ఉండకు సిద్ధంగా ఉంటుంది.