ఇష్యూ ట్రాకర్ ఎంచుకోబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ బృందానికి కొత్త ఇష్యూ ట్రాకర్ (కోడ్‌లోని లోపాలనూ, చేయాల్సిన పనులనూ నంబరు వేసి నమోదు చేసే సాధనం) ఎంచే బాధ్యత నీకు అప్పగించారనీ, అది టెర్మినల్ నుంచే, అంటే కమాండ్లు టైపు చేసే తెర నుంచే నడవాలని నువ్వు పట్టుబట్టావనీ మీ నాన్న చెప్పినప్పుడు నాకెంతో గర్వం కలిగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తేలిక విషయాలు ముందు చెబుతాను. కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే జీహెచ్ (gh), గిట్‌ల్యాబ్‌లో ఉంటే గ్లాబ్ (glab) అనే కమాండ్లు సరిపోతాయి. నెట్ లేనప్పుడు కూడా పని సాగాలంటే ఇష్యూలను కోడ్ చరిత్ర ఉండే గిట్ రిపాజిటరీలోనే దాచే గిట్-బగ్‌నో, టికెట్లనూ (ఇష్యూలకే మరో పేరు) కోడ్‌నూ ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో ఉంచే ఫాసిల్‌నో చూడు. నీ ఖాతాకు తాళంచెవి లాంటి టోకెన్‌ను కమాండ్‌లో నేరుగా టైపు చేయకు, అది టైపు చేసిన కమాండ్లను దాచే షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది.

ఇక నా భయం సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ట్రాకర్‌లోని ఇష్యూల జాబితాను నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ ద్వారా రోజూ రాత్రి ఒక ఫైలులోకి దింపే స్క్రిప్టు రాసి, బ్యాకప్ ఉందని అందరికీ ధైర్యం చెప్పాను. ఫైలు తేదీ రోజూ మారేది, ఎర్రర్ ఎన్నడూ రాలేదు. రెండేళ్లకు ఆ సేవను మూసివేస్తున్నట్లు నోటీసు వస్తే నేను నిబ్బరంగానే ఉన్నాను. సర్వర్ ఆగిన మరునాడు ఫైలు తెరిచి చూస్తే అందులో యాభై ఇష్యూలే ఉన్నాయి! సర్వర్ ఒక విడతకు ఒక్క పేజీయే ఇస్తుందనీ, మిగిలిన పేజీలను మనమే అడగాలనీ నాకు తోచలేదు. మూసిన ఇష్యూలు లేవు, వ్యాఖ్యలు అసలే లేవు. కోడ్ మార్పులతో పాటు రాసే కమిట్ సందేశాలలో మాత్రం ‘412 సరిచేశాను’ వంటి మాటలు వందలకొద్దీ మిగిలాయి. కొన్నాళ్లకు తేదీల లెక్కలో అనవసరమనిపించిన ఒక షరతును నేనే తొలగించగా, పాత బగ్ తిరిగి లేచి కూర్చుంది. ఆ షరతు ఎందుకు ఉండాలో 412వ నంబరు ఇష్యూలో ఓపికగా వివరించి పెట్టిన సహోద్యోగి అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయాడు.

జీహెచ్ కూడా ఇష్యూ లిస్ట్ అని ఊరికే అడిగితే, తెరిచి ఉన్నవాటిలో 30 మాత్రమే చూపుతుంది. స్టేట్‌ను ఆల్ అని చెప్పి, లిమిట్ పెంచి, జేసన్ అనే డేటా రూపంలో వ్యాఖ్యలను పేరుపెట్టి అడిగితేనే అవి వస్తాయి. పెద్ద సంస్థ నడిపే సేవ కదా అని ధీమా పడకు, కోడ్‌నూ ఇష్యూలనూ ఉంచుకునే గూగుల్ కోడ్ సేవే 2016లో మూతపడింది. చూశానంటావు గానీ లెక్కపెట్టావా అంటే తల దించుకుంటావు. ఆ గుణం నీకు నా నుంచే వచ్చిందని మీ నాన్న అంటాడు, కాదనలేను.

కాబట్టి ఏది ఎంచినా, ముందుగా ఒక ఖాళీ ప్రాజెక్టులో వంద ఇష్యూలు స్క్రిప్టుతో సృష్టించి, సగం మూసి, వ్యాఖ్యలు చేర్చి, అన్నిటినీ బయటికి తీసి, మరొక చోట ఎక్కించి చూడు. పాత నంబర్లు నిలిచాయా, వంద వచ్చాయా అన్నది నాకు రాయి. అర్ధరాత్రి అయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న