వరణం అంటే ఏరివేతేనా?

సందేహం: పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా బతికి సంతానాన్ని పెంచుకోవడాన్ని పాఠ్యపుస్తకాల్లో ‘ప్రకృతి వరణం’ అన్నారు. వరణం అంటే ఏరివేత అనుకుంటున్నాను. అలా ఏరేస్తూ పోతే జంతువుల్లో మేలైన రకం ఒక్కటే మిగలాలి కదా, జన్యు వైవిధ్యత ఎలా నిలుస్తోంది? మాటే తప్పా?

సమాధానం: మాట తప్పు కాదండీ. ముందుగా, మీరు రాసిన ‘వైవిధ్యత’ సంగతి. ‘వివిధ’కు ‘-తనం’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరితేనే వైవిధ్యం అయింది, దాని నెత్తిన మళ్లీ ‘త’ ఎందుకు? ప్రాధాన్యత, నైపుణ్యత కూడా ఇంతే. టీవీల్లో రోజూ వినపడినంత మాత్రాన ఒప్పైపోదు.

ఇక వరణం. దీని ధాతువు ‘వృ’. దానికి కోరుకోవడమనే అర్థమూ ఉంది, కప్పడమనే అర్థమూ ఉంది. మొదటి అర్థంలో వరుడు, వరం, స్వయంవరం. రెండో అర్థంలో ఆవరణ, వాతావరణం, పర్యావరణం. అమరకోశం ‘ప్రాకారో వరణః సాలః’ అని ఊరిని చుట్టి కాపాడే కోటగోడనే వరణం అంది. ఉలిమిరి చెట్టుకూ ఆ పేరుంది. ‘నివారణ’లో అడ్డుకోవడం దాకా వెళ్లింది గానీ, ఏరి పారేయడం నాకెక్కడా కనిపించలేదు. మీకా అర్థం మన ‘ఏరు’ నుంచి తట్టి ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరితే ఏరినవి పారేస్తాం, చేలో పత్తి ఏరితే ఏరిందే ఇంటికి తెచ్చుకుంటాం. వరణం ఈ పత్తి ఏరడం లాంటిది.

మీ అసలు ప్రశ్నకు స్కాట్లాండ్ పడమటి సముద్రంలో, సెయింట్ కిల్డాలోని హిర్టా దీవిలో జవాబు దొరికింది. అక్కడ కాపరి లేకుండా బతికే సోయే జాతి గొర్రెలను 1985 నుంచి ఒక్కొక్కదాన్నీ గుర్తుపెట్టుకుని గమనిస్తున్నారు. పొట్టేళ్ల కొమ్ముల సైజు చాలావరకు ఆర్‌ఎక్స్‌ఎఫ్‌పీ2 అనే ఒకే జన్యువును బట్టి ఉంటుంది. పెద్ద కొమ్ములవాటికి పిల్లలెక్కువ, చిన్న కొమ్ములవాటికి ఆయుష్షెక్కువ. ఈ జన్యువుకున్న రెండు రూపాల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఇంకోటి అందుకున్న విషమయుగ్మజ పొట్టేళ్లకు రెండు లాభాలూ దక్కుతున్నాయని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వరణం ఆ కలయికకే దక్కుతోంది కాబట్టి, పెద్ద కొమ్ముల మాటున చిన్న కొమ్ముల రూపం భద్రంగా తర్వాతి తరానికి చేరుతోంది. కోరుకోవడమూ, కప్పి కాపాడడమూ, ధాతువులోని రెండర్థాలూ ఒక పొట్టేలులో ఇలా కలవడం నాకెంత సంతోషమో! పరిభాష కూర్చినవారు ఇదంతా ఆలోచించే ఆ మాట పెట్టారని మాత్రం అనను.

కొందరు ‘సహజ ఎంపిక’ అంటున్నారు. పిల్లలకు చెప్పేటప్పుడు అది తేలిక, తప్పు పట్టలేను. నేనైతే ప్రకృతి వరణమనే రాస్తాను. మీరు ఏది రాసినా ‘ఏరివేత’ వద్దు, వైవిధ్యం మీద ఆ ‘త’ కూడా తీసేయండి.