కార్డిఫ్‌లో చదువుతున్నా. వేల్స్ పాత చర్చిల్లో వెయ్యేళ్ళ నాటి రాతి శిలువలు ఉంటాయంట కదా, ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? చరిత్ర తెలియని మాలాంటోళ్ళకి ఏమైనా అర్థమవుతుందా?

అర్థమవుతుందండి, కాకపోతే నాకు రెండోసారి వెళ్ళాక అర్థమైంది. ఒక్కచోటికే టైముంటే లాంట్విట్ మేజర్ అనే ఊళ్ళో సెయింట్ ఇల్టుడ్ చర్చికి వెళ్ళండి, కార్డిఫ్ సెంట్రల్లో బ్యారీ మీదుగా బ్రిడ్జెండ్ పోయే ట్రైన్ ఎక్కితే ముప్పావు గంట, స్టేషన్ నుంచి నడిచేయొచ్చు. టికెట్ లేదు, ఏ మతమని ఎవరూ అడగరు, ఆదివారం పొద్దున ప్రార్థన టైములో మాత్రం వద్దు.

ఇల్టుడ్ ఆరో శతాబ్దం సన్యాసి, ఆయన మఠం ఇక్కడే ఉండేదంటారు. రాళ్ళన్నీ ఇప్పుడు చర్చి పడమటి కొసనున్న గెలిలీ చాపెల్ అనే చిన్న ప్రార్థన మందిరంలో ఉన్నాయి, అది వందల ఏళ్ళు పైకప్పు లేకుండా పాడుపడి ఉంటే 2013లో బాగుచేసి వీటిని అందులో పెట్టారు.

మొదటిసారి నేనూ మా రూమ్మేటూ ఫొటోలు దిగి, మన ముగ్గుల్లా మెలికలు బాగున్నాయే అనుకుని పది నిమిషాల్లో బయటపడ్డాం. అక్షరాలున్నాయని కూడా చూళ్ళేదు! రెండోసారి అక్కడ వాలంటీర్‌గా ఉన్న ఒక పెద్దావిడ టార్చ్ తీసి, ఎదురుగా కాకుండా పక్కనుంచి రాయికి ఆనించినట్టు వేసింది, అంతే, అరిగిపోయిన గీతలకి నీడ పడి అక్షరాలు పైకి లేచాయి. మీరూ ఫోన్ లైట్‌తో అలాగే చూడండి, చేత్తో మాత్రం రుద్దొద్దు.

ముందు హౌయెల్ట్ శిలువ చూడండి. తొమ్మిదో శతాబ్దానిది, మనిషంత ఎత్తు, తల చక్రంలా గుండ్రంగా ఉంటుంది. కింద లాటిన్‌లో, తండ్రి రెస్ ఆత్మ కోసం హౌయెల్ట్ ఈ శిలువ చేయించాడని ఉంటుంది. ఈ హౌయెల్ట్ ఆ ప్రాంతపు రాజు హైవెల్ అప్ రిస్ అని చరిత్రకారులు చెప్తారు. మన గుడి శాసనాల్లో 'తమ తల్లిదండ్రులకు పుణ్యముగాను' అని ఉంటుంది చూడండి, అదే మాట ఇక్కడ రాయి మీద కనపడేసరికి నాకు నవ్వొచ్చింది. ఇంకో సంగతి, చేయించింది రాజే అయినా లాటిన్ నిండా తప్పులే. 'ఈ' అనే అర్థంలో 'హాంక్' అనాల్సిన చోట 'ఆంక్' అని నోటితో పలికినట్టే చెక్కేశారు, పైగా క్రైస్తవులు తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అని ముగ్గురినీ కలిపి తలుస్తారు కదా, ఇక్కడ తండ్రైన దేవుడి పేరట, పవిత్రాత్మ పేరట అని రాసి మధ్యలో కుమారుణ్ణి, అంటే యేసుని, వదిలేశారు, చర్చిలో పెట్టే రాయి మీద అది చిన్న తప్పు కాదు కదా. నాకైతే మెలికల పనితనం కన్నా ఆ తప్పులే ఎక్కువ నచ్చాయి, ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్ళు ఎలా పలికేవాళ్ళో వినపడుతున్నట్టే ఉంటుంది.

పక్కనే సామ్సన్ అనే మఠాధిపతి తన ఆత్మకీ, జుథాహెల్ రాజు ఆత్మకీ అని నిలబెట్టిన పొడుగాటి రాయి ఉంది. చాలాకాలం మట్టిలోనే ఉంటే 1789లో యోలో మోర్గన్వగ్ అనే వెల్ష్ కవి తవ్వించాడు. చనిపోయిన పొడుగాటి కుర్రాడొకడికి సమాధి గొయ్యి తీస్తుంటే పక్కనున్న ఈ రాయి అందులోకి ఒరిగిపోయింది, అలాగే పూడ్చేశారు అని ఊరి ముసలాయన ఒకాయన చెప్పాడంట. యోలో స్వయానా రాళ్ళు చెక్కే పనివాడే, కానీ పాత వెల్ష్ కవిత్వమని సొంతవి రాసి జనాన్ని నమ్మించిన ఘనుడు కూడా, అందుకని రాయి నిజం, కథ సంగతి మీ ఇష్టం :)

ఇవి నచ్చితే తర్వాత పోర్ట్ టాల్బట్ దగ్గర మార్గమ్ వెళ్ళండి, అక్కడ రాళ్ళకి విడిగా మ్యూజియమే ఉంది, తెరిచే రోజులు చూసుకుని బయల్దేరండి.