ప్రార్థన మనవుల దగ్గర జాగ్రత్త

తల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. శుక్రవారం స్త్రీల కూడిక ఇకనుంచి నువ్వే నడిపించాలన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. వాక్యం ఎలా చెప్పాలా, పాట ఎవరు ఎత్తుతారా అని టెన్షన్ పడుతున్నావట. అవి నెమ్మదిగా వచ్చేస్తాయి. నా భయమల్లా వాక్యం అయ్యాక వచ్చే పది నిమిషాల గురించే. "ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతాం చూడు, అక్కడ.

ఎవరో ఒకావిడ గొంతు తగ్గిస్తుంది. "ఫలానా వాళ్ల కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందట, నాకెంతో భారంగా ఉంది, ప్రార్థించండి" అంటుంది. అందరం "అయ్యో ప్రభువా" అంటాం. అదే మాట కుళాయి దగ్గర అంటే చాడీ. మోకాళ్ల మీద అన్నాం కాబట్టి మనవి అయిపోయింది!

నేనూ చేశానమ్మా. ఒకావిడ తన కూతురికి మూర్ఛ వస్తోందని నాతో ఒక్కదానితోనే చెప్పుకుంది. నిజంగా జాలిపడే కూడికలో పెట్టాను. నెల తిరక్కుండా ఆ పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ తల్లి నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా ఇంటి ముందు నుంచి నడవడం మానేసి, చెరువు గట్టు చుట్టూ తిరిగి చర్చికి వచ్చేది.

నాలుక నిప్పు అని చెప్పే, బైబిల్లోని యాకోబు పత్రిక మూడో అధ్యాయం మనందరికీ తెలిసిందే. కానీ మొదటి వచనం దాటేస్తాం. మీలో అనేకులు బోధకులు కావద్దు, మనకు మరింత కఠినమైన తీర్పు ఉంటుంది అంటాడక్కడ. హెచ్చరిక మొదలయ్యేదే ముందు కూర్చుని చెప్పేవాళ్లతో.

అందుకని ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలని మొదటి రోజే అనెయ్యి. ఇంకొకరి కోసమైతే "ఒక కుటుంబం కోసం" అంటే చాలు, మిగతాది దేవుడికి తెలుసు. ఎవరైనా సాగదీస్తుంటే "ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసేసుకో. మొదట్లో మొహాలు మాడతాయి, మాడనీ. వాట్సాప్ గ్రూపులో మాత్రం మనవులు అసలు పెట్టనివ్వకు. ఎవరైనా నీ పట్ల తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి ఆ మనిషితోనే మాట్లాడమని మత్తయి 18:15లో ప్రభువే చెప్పాడు. మనం దాన్ని తిరగేసి ముందు ఊరికి, చివర్న ఆ మనిషికి చెబుతాం.

ఇంకోటి. "జీవమరణములు నాలుక వశము" అన్న మాట పట్టుకుని, జ్వరం వచ్చిందని కూడా నోటితో అనకూడదని కొందరు చెబుతున్నారు. ఆ మాట ఉన్న సామెతల గ్రంథం 18వ అధ్యాయంలోనే దానికి రెండు వచనాల ముందు ఏముందో చూడు. నొచ్చుకున్న సహోదరుణ్ని మళ్లీ దగ్గర చేసుకోవడం కోటను పట్టుకోవడం కన్నా కష్టమని ఉంటుంది. అక్కడి గోల తగవుల గురించి. జ్వరం వస్తే వచ్చిందని చెప్పి మాత్ర వేసుకోమను.

చావు ఇంటికి వెళ్తే వాక్యాలు వల్లించకు. బైబిల్లో పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచాకే చెడింది. నువ్వు వెళ్లి టీ పెట్టు, గిన్నెలు తోము.

ఆ తల్లి దగ్గరకు నేను నాలుగేళ్లకు గానీ వెళ్లలేకపోయాను. క్షమించమన్నాను. మంచినీళ్లు ఇచ్చింది, ఔననీ కాదనీ అనలేదు. ఆవిడ ఎవరని నువ్వు అడుగుతావని తెలుసు. అడగకు. మీ అమ్మనీ అడగకు.

నీ పెద్దమ్మ