బీప్ విన్నంకనే స్క్రూడ్రైవర్ పట్టు

అల్లుడూ,

చెనాయ్ ట్రేడ్ సెంటర్ల కంప్యూటర్ రిపేరు పనికి కుదిరినవని అక్క ఫోన్ చేసి మురిసిపోయింది. మంచిగయింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. కస్టమర్ సీపీయూ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టంగనే విప్పకు. ముందు ఆన్ చేసి విను.

స్క్రీన్ వెలగకముందే మదర్‌బోర్డు తన భాగాలన్నీ తానే పరీక్ష చేసుకుంటది. స్క్రీనే రాకపోతే దానికి మిగిలిన నోరు ఆ బీప్ ఒక్కటే. ఎన్నిసార్లు కూసింది, పొడుగా, పొట్టా, ఆగి మళ్లీ మొదలైందా? పొడుగుకు గీత, పొట్టికి చుక్క పెట్టి చీటీ మీద రాసుకో. తర్వాత బయోస్, అంటే బోర్డును లేపే ప్రోగ్రాం, ఏ కంపెనీదో చూడు. అవార్డ్ బయోస్‌ల ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే డిస్‌ప్లే కార్డు సంగతి. పాత ఏఎంఐల 3 పొట్టివైతే ర్యామ్, 5 అయితే ప్రాసెసర్, 8 అయితే డిస్‌ప్లే మెమరీ. ఒకదాని లెక్క ఇంకోదానికి పెడితే బాగున్న కార్డు కూడా బలైతది. బోర్డు మాన్యువల్ దింపుకొని చూసుడు నామోషీ కాదు.

ఎక్కువసార్లు దొరికే దొంగ ర్యామే. మన దుమ్ముకు, వానకాలం చెమ్మకు దాని కాళ్లు మసకబారుతయి. కరెంటు తీగ పీకు, పవర్ బటన్ కొంచెంసేపు నొక్కిపట్టు, క్యాబినెట్ ఇనుము ముట్టుకో. అప్పుడు ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగ రుద్దు. గరుకు కాగితం జోలికి పోకు. రబ్బరు పొట్టు స్లాట్‌ల పడొద్దు. టక్కుమని చప్పుడొచ్చేదాక నొక్కు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడు.

ఏ చప్పుడూ రాకుంటే బోర్డు సచ్చిందనుకునేరు, జర ఆగు. ఇప్పటి బోర్డులకు చాలావాటికి స్పీకరే ఉండది. చిన్న బజర్ ఒకటి జేబుల పెట్టుకో, స్పీకర్ అని రాసున్న పిన్నులకు తగిలియ్యి. ఇంక ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చెయ్యి. మొత్తుకుందంటే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నట్టు. అప్పుడు కూడా మూగదైతే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా), ప్రాసెసర్ పక్కనుండే పవర్ కనెక్టర్ చూసినంకనే బోర్డును అనుమానించు.

కొత్త బోర్డుల్ల చాలావాటి మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే కార్డు), బూట్ (హార్డ్‌డిస్క్ లాంటిది) అని నాలుగు చిన్న లైట్లుంటయి. ఏది ఆరకుండ నిలిస్తే అక్కడ వెతుకు. డీడీఆర్5 ర్యామ్ కొత్తగ పెట్టినప్పుడు మాత్రం స్క్రీన్ నల్లగనే కొన్ని నిమిషాలు ఉండొచ్చు. పరేషాన్ అయ్యి మధ్యల ఆపేస్తె మళ్లీ మొదటికొస్తది.

ఇంకోటి, హార్డ్‌డిస్క్ లోపలికెల్లి టిక్కు టిక్కుమంటే అది బీప్ కాదు. మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకు. వెంటనే ఆపి, డేటా కావాల్నా అని కస్టమర్‌కు ఫోన్ చెయ్యి.

మీ మామ